మా బేస్‌మెంట్ దోశల విందులు

మొన్న మా ఇల్లు అమ్మకానికి పెడదామని నిశ్చయించుకుని, ఆ వ్యవహారాలు చూసే రియల్టర్ అమ్మాయిని పిలిచాం. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, చలాకీగా ఉంది. చేతిలో ట్యాబ్ పట్టుకుని గది గదీ తిరిగి, కిటికీలు తెరిచి మూసి, కుళాయిలు తిప్పి చూసి, చివరికి బేస్‌మెంట్‌లోకి దిగి లైటు వేసిందో లేదో, మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఆంటీ, వాట్ ఈజ్ దిస్? కింద ఇంకో కిచెన్ ఉందా? ఇన్ని స్టవ్స్ ఎందుకు? బయర్స్ అడిగితే నేను ఏం చెప్పాలి?" అంది.

పార్టీలు చేసేవాళ్ళమమ్మా, అన్నాను. ఆ పిల్ల "ఓ, నైస్" అని ఏదో రాసుకుని, గోడ పొడవు కొలవడానికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కూడా నేను చాలాసేపు ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. పార్టీలు అన్న ఒక్క మాటలో అదంతా ఎలా ఇముడుతుంది? ఇల్లు కొనడానికి వచ్చేవాళ్ళకి ఆ కథతో పని లేదు. నా ఈడు వాళ్ళకి, ఈ దేశంలో ఫోల్డింగ్ కుర్చీలు ఒకరింటి నుంచి ఒకరింటికి మోసుకుంటూ పండగలు చేసుకున్నవాళ్ళకి మాత్రం చెప్పాలనిపించింది.

మేము మిషిగన్‌లోని ఈ నోవై ఊరికి వచ్చిన కొత్తలో ఇక్కడ ఇన్ని తెలుగు ఇళ్ళు లేవు. కాలనీకీ కాలనీకీ మధ్య మొక్కజొన్న చేలుండేవి, మంచు పడితే రోడ్డేదో చేనేదో తెలిసేది కాదు, కరివేపాకు కావాలంటే పనిగట్టుకుని కారులో పక్క ఊరికి వెళ్ళాల్సిందే. మా వారిది కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఉద్యోగం. ఏ విషయంలోనైనా ముందు బ్రేకు మీద కాలు వెయ్యడం ఆ ఉద్యోగం వల్ల అలవాటైందో, అలాంటి మనిషి కాబట్టే ఆ ఉద్యోగం కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. చాలా మంచివారు, ఒకరి జోలికి పోనివారు, ఎవర్నీ ఏదీ అడగనివారు. పక్కింటి నుంచి నిచ్చెన అడిగి తెమ్మంటే, దుకాణానికి వెళ్ళి కొత్త నిచ్చెన కొనుక్కొచ్చే రకం.

మాకు ఒక్కతే అమ్మాయి. పుట్టిన మర్నాడు డాక్టరుగారు మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉందని, అన్నీ నేర్చుకుంటుంది గానీ నెమ్మదిగా నేర్చుకుంటుందని చెప్పారు. ఆ మాటల్లో మొదటి సగం పట్టుకుని కొన్నాళ్ళు ఏడ్చాను, రెండో సగం పట్టుకుని మిగతా జీవితమంతా నడిచాను. నడకా, మాటా, బూట్ల లేసులు కట్టుకోవడమూ అన్నీ వచ్చాయి. ఆలస్యంగా వచ్చినా, ఒకసారి వచ్చిన విద్య మళ్ళీ పోలేదు. తెలుగూ ఇంగ్లీషూ కలిపి తనదంటూ ఒక భాష తయారుచేసుకుంది. నవ్విందంటే కళ్ళు రెండూ పూర్తిగా మూసుకుపోయేవి, ఆ నవ్వు అయ్యేదాకా ఎదుటివాళ్ళు ఆగాల్సిందే.

బడి ఉన్నంత కాలం ఇక్కడ అలాంటి పిల్లలకి లోటుండదు. పసుపుపచ్చ బస్సు ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకునేది, సాయంత్రం దింపేది. కానీ బడి వయసనేది ఒకటుంటుంది కదా, అది దాటాక ఆ బస్సు రాదు. రాని బస్సు కోసం మా అమ్మాయి సంచీ తగిలించుకుని వారం పాటు వరండాలో నిలబడితే, లోపలికి రమ్మని పిలవడానికి నాకు నోరు పెగిలేది కాదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో గడపాలో తెలియని ఆ నెలల్లో పిల్ల మాటలు తగ్గిపోయాయి. టీవీ ముందు కూర్చుని, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ ఉండేది.

అప్పుడు దొరికింది మాకు ఆ టీచరమ్మ. అమెరికన్ ఆవిడ, ఇలాంటి పిల్లలకే చదువు చెప్పి రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక, పక్క ఊళ్ళో ఒక చర్చి వెనక రెండు గదులు అద్దెకి తీసుకుని బడి వయసు దాటినవాళ్ళ కోసం ఒక సెంటర్ నడుపుతుండేది. లాభం కోసం కాదు. వచ్చిన విరాళాలతో అద్దె కట్టుకోవడం, ఓవెన్ కొనుక్కోవడం. అక్కడ వాళ్ళు బిస్కట్లు చేసి అమ్మేవారు, చిల్లర లెక్కపెట్టడం నేర్చుకునేవారు, సిటీ బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళొచ్చేవారు. మా అమ్మాయి చేరిన రెండు వారాలకి, పొద్దున్నే ఏప్రన్ కట్టుకుని కిందికి దిగి, "అమ్మా, ఐ హావ్ వర్క్. లేట్ అవుతుంది" అంది. ఆ వాక్యం విని మా వారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, ఎందుకో నాకు తెలుసు కాబట్టి పేపరు తీయమనలేదు.

అలా కొన్నేళ్ళు హాయిగా గడిచాక, ఒక వేసవిలో చర్చి వాళ్ళు స్థలం అమ్మేస్తున్నామని కబురు చేశారు. టీచరమ్మ ఊరంతా తిరిగి, మూతపడ్డ ఒక పిజ్జా దుకాణం చూసొచ్చింది. వంటగది ఉంది, బస్సు ఆగే చోటు ఉంది, మెట్లు లేవు. యజమాని పెద్దమనిషి, వసంతం దాకా ఆగుతానన్నాడు. ఆలోగా మొదటి వాయిదా సొమ్ము పోగుచేస్తే బ్యాంకు మిగతాది ఇస్తుంది, లేకపోతే సెంటర్ మూసెయ్యడం తప్ప దారి లేదు.

టీచరమ్మ తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ మీ ఇంట్లో ఒక పార్టీ పెట్టండి, స్నేహితుల్ని పిలవండి, విషయం చెప్పి సాయం అడగండి అంది. అమెరికన్ తల్లులు సరేనని తలలూపి డైరీలు తీశారు. నేను మాత్రం దారంతా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను. మా వారికి చెప్పగానే అనుకున్నట్టే అయింది.

"భోజనానికి పిలిచి చెయ్యి చాపడం ఏమిటి? తిన్న తిండికి డబ్బులు అడిగినట్టుండదూ? రేపు గుళ్ళో ఎదురుపడితే ఎవరి మొహం ఎలా చూస్తాం?"

"అడగకపోతే రేపు మన పిల్ల మొహం ఎలా చూస్తాం?" అన్నాను.

ఆయన లేచారు. గరాజ్‌లోకి వెళ్ళి కుర్చీలు దులపడం మొదలుపెట్టారు. ఆయన ఒప్పుకోవడమంటే అంతే.

మొదటి పార్టీ గురించి చెప్పాలంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, మనసూ చివుక్కుమంటుంది. తెలిసినవాళ్ళందర్నీ పిలిచాను. గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, పులిహోర, బొబ్బట్లు, ఒకటేమిటి, చేతులు పడిపోయేలా వండాను. అందరూ పట్టుచీరలు కట్టుకుని వచ్చారు, కడుపారా తిన్నారు, గోంగూర ఎక్కడ దొరికిందని వాకబు చేశారు. టీచరమ్మ లేచి, సెంటర్ ఫొటోల బొమ్మలు గోడ మీద వేసి చూపిస్తూ చక్కగా మాట్లాడింది. ఆవిడ విరాళమన్న మాట ఎత్తగానే గదిలో గాలి మారిపోయింది. ఒకాయన వీసా స్టాంపింగ్ గురించి పక్కాయనతో గుసగుసలు మొదలుపెట్టాడు. మా స్నేహితుల్లో పెద్ద పేరున్న గుండె డాక్టరుగారు ఒకరున్నారు, ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటునుంచటే కారెక్కారు.

అదంతా కూడా నేను పట్టించుకునేదాన్ని కాదు. మా అమ్మాయి అందరికీ ప్లేట్లు అందిద్దామని వస్తే, వరంగల్ వదిన, అంటే బంధువు కాదు గానీ వరసలు కలుపుకున్న స్నేహితురాలు, ఆ ప్లేట్లు పిల్ల చేతిలోంచి తీసుకుని, "పాపం, నీకెందుకు బిడ్డా ఈ కష్టం, పైకి పోయి పండుకో" అంది. ప్రేమగానే అంది. కానీ ఆ పాపం అన్న మాట గది మొత్తం పాకినట్టు, అందరి కళ్ళూ ఒక్కసారి నా పిల్ల మీద వాలి మళ్ళీ కిందికి వాలినట్టు నాకు తెలిసిపోయింది. అతిథులు వెళ్ళాక తలుపు దగ్గర పెట్టిన పెట్టె తెరిస్తే, వంటకయిన ఖర్చు కూడా రాలేదు.

మర్నాడు నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటుంటే మా అమ్మాయి వచ్చి కౌంటరుకి ఆనుకుని నిలబడింది. మొహం ముడుచుకుని ఉంది.

"అమ్మా, ఐ యామ్ నాట్ పాపం."

"కాదమ్మా, నువ్వు పాపం కాదు."

"ఐ యామ్ గుడ్ వర్కర్. నెక్స్ట్ పార్టీలో ఐ విల్ మేక్ దోశ. ఎవ్రీబడీకి. నువ్వు వద్దు. మా ఫ్రెండ్స్ చేస్తారు."

నేను చెయ్యి తుడుచుకుని కూర్చున్నాను. ఆదివారాలు మా ఇంట్లో దోశలు అదే వేసేది, నిజమే. గరిటె పెనం మధ్యలో పెట్టి, పెదవి కొరుక్కుని, లోపల్నుంచి బయటికి చుట్టు తిప్పుకుంటూ వచ్చేది. ఎంత తొందరపెట్టినా ఆ చెయ్యి తొందరపడేది కాదు, అందుకే ఆ దోశ ఎక్కడా మందంగా ఉండేది కాదు. నేను వండి, టీచరమ్మ మాట్లాడి, పిల్లని చూపించి అడిగాం కాబట్టే అందరికీ జాలి కలిగింది. జాలిపడ్డవాళ్ళు నిట్టూర్చి ఇంటికి పోతారు. వండేదీ వడ్డించేదీ వీళ్ళే అయితే? ఆ మాట నాకు తట్టింది కాదు, కౌంటరుకి ఆనుకుని నిలబడిన ఆ పిల్ల నా చేతికి అందించింది.

టీచరమ్మకి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది. మా వారు బేస్‌మెంట్ కొలతలు తీసుకుని, లైసెన్సున్న మనిషిని పిలిపించి గ్యాస్ లైను వేయించి, వరసగా స్టవ్వులు పెట్టించారు. బ్రేకులు పరీక్షించే మనిషి కదా, మంటలు ఆర్పే సిలిండర్లు ప్రతి మూలా తగిలించారు. మా అమ్మాయి తన స్నేహితులకి గరిటె తిప్పడం నేర్పుతుంటే మేము మెట్ల మీద కూర్చుని చూసేవాళ్ళం. అందులో చక్రాల కుర్చీలో తిరిగే ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది, బేస్‌మెంట్‌కి పెరటివైపున్న తలుపులోంచి వచ్చేది, నోరు తెరిస్తే గది దద్దరిల్లేది. పెనం ఎత్తు తనకి అందదు కాబట్టి, తలుపు దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళని ఆహ్వానించి, వెళ్ళేవాళ్ళకి బిల్లు ఇచ్చే పని తనదేనని తేల్చేసింది. బిల్లంటే అంకె ఉండదు. తిన్న దోశలు రాసి, కింద గీత గీసి, గీత మీద ఖాళీ వదిలేస్తుంది. ఎంత వెయ్యాలో మీ ఇష్టం.

చలికాలం మొదట్లో పెట్టాం ఆ పార్టీ. మిషిగన్ చలికి పిండి పులవదు కదా, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ గదిలో పిండి గుండిగలు వరసగా పెట్టి, తల్లి పసిపిల్లని చూసినట్టు వెళ్ళి వెళ్ళి చూసుకున్నాను. మొదటిసారి ఇబ్బంది పడ్డవాళ్ళలో చాలామంది మొహమాటానికే వచ్చుంటారు. కానీ మెట్లు దిగుతూనే నెయ్యి వాసన, పెనం మీద చుంయ్‌మన్న చప్పుడు, ఏప్రన్లు కట్టుకున్న పిల్లల హడావుడి చూసి అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఉపన్యాసం లేదు, బొమ్మలు లేవు. మా అమ్మాయి ప్రతి ప్లేటూ తనే తెచ్చి, "హాట్ హాట్, జాగ్రత్త" అంటూ పెట్టింది. గుండె డాక్టరుగారు కూడా వచ్చారు. ఆయన తిని, తిని, లేచి గుట్టుగా కోటు వేసుకుంటుంటే చక్రాల కుర్చీ అడ్డం వచ్చింది.

"అంకుల్, యూ ఏట్ ఫైవ్. ఐ వాజ్ కౌంటింగ్!" అని ఆ పిల్ల గట్టిగా నవ్వుతూ బిల్లు చాపింది.

గదంతా గొల్లున నవ్వింది. ఆయనకీ నవ్వాగలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఖాళీ గీత మీద రాసి, బిల్లు మడిచి ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం ఒక్కరు కూడా నిట్టూర్చలేదు. పెట్టె నిండిపోయి మూత పడలేదు. మా అమ్మాయి సోఫాలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, "ఐ యామ్ టయర్డ్. గుడ్ టయర్డ్" అంది.

ఆ తర్వాత మా ఇంటి పార్టీల కబురు ఊరంతా పాకింది. ఆఫీసుల్లో చెప్పుకున్నారు, గుళ్ళో చెప్పుకున్నారు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, ఇంటి దోశ మొహం చూసి ఎన్నాళ్ళయిందో, గుంపులు గుంపులుగా వచ్చేవారు. వాళ్ళలో ఒకతను బిల్లు నింపుతూ, "ఆంటీ, మా కంపెనీ మ్యాచ్ చేస్తుంది, మేం ఎంత ఇస్తే వాళ్ళూ అంత వేస్తారు, ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే చాలు" అని చెప్పాడు. అలాంటిదొకటి ఉందని కూడా మాకు అప్పటిదాకా తెలియదు. మా వారు మర్నాడే ఆఫీసులో కనుక్కుని, వాళ్ళ కంపెనీలోనూ ఉందని తెలుసుకుని, తనతో పనిచేసేవాళ్ళ బల్లల దగ్గర ఆగడం మొదలుపెట్టారట. మాట్లాడారో లేదో తెలియదు, ఆగారని మాత్రం విన్నాను.

అంతా బాగా నడుస్తోందనుకుంటుండగా ఒక మధ్యాహ్నం మా కాలనీ సంఘం పెద్దాయన వచ్చి తలుపు తట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, మర్యాదగానే మాట్లాడాడు. వీధి పొడవునా కార్లు ఆగుతున్నాయని, మంచు తీసే బండి పోవడానికి వీల్లేకుండా ఉందని ఫిర్యాదులొచ్చాయట. ఇళ్ళల్లో హోటలు నడపడం నిబంధనలకి విరుద్ధమట. ఇది హోటలు కాదని, విరాళాల కోసమని చెప్పాను. అర్థమైంది గానీ తన చేతుల్లో లేదని, ఇకపైన జరిగితే జరిమానా వేయక తప్పదని చెప్పి, నొచ్చుకుంటూనే వెళ్ళాడు. ఆయన తప్పు లేదు, కార్ల సంగతి నిజమే. కానీ వసంతం దగ్గర పడుతోంది, పోగవ్వాల్సింది ఇంకా చాలా ఉంది. మా వారు కిందికి వెళ్ళి స్టవ్వులన్నీ తుడిచి మూతలు పెట్టొచ్చారు. ఆ మూతల చప్పుడు ఒక్కొక్కటే పైకి వినిపించింది.

ఆ సాయంత్రం ఎవరో చెబితే విని వరంగల్ వదిన ఫోన్ చేసింది.

"వదినా, నువ్వు ఫికర్ చేయకు. మా ఇంట్ల పెట్టుకుందాం. మాది ఊరి చివర, సంఘం లేదు గింఘం లేదు, కార్లు పెట్టనీకి జాగ మస్తుంది."

ఏదో ఒకటి అనాలి కదా అని, నీకు ఇబ్బంది వదినా, అన్నాను.

"నాకేం ఇబ్బంది? ఆ రోజు నేను బిడ్డ చేతిలకెళ్ళి ప్లేట్లు గుంజుకున్న. అది నన్ను చూసిన చూపు నాకింకా యాదికుంది. ఈసారి నేను కూసుంటా, అది నాకు పెట్టాలె."

అలా మా పార్టీలు కాళ్ళొచ్చినట్టు ఇల్లు దాటాయి. వదిన ఇంట్లో ఒకసారి, డాక్టరుగారి ఇంట్లో ఒకసారి, ఒక గుజరాతీ కుటుంబం ఇంట్లో ఒకసారి, టీచరమ్మ వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఒకసారి. మా బేస్‌మెంట్ పిండి తయారుచేసే కార్ఖానా అయింది, అందుకు ఏ సంఘమూ అడ్డు చెప్పదు. పొద్దున్నే గుండిగలు సీటుబెల్టులు పెట్టి కట్టి, మంచు రోడ్ల మీద మా వారు ఎద్దులబండి వేగంతో వ్యాన్ నడుపుతుంటే, వెనక సీట్లో పిల్లలు "ఫాస్టర్ అంకుల్, ఫాస్టర్" అని అరిచేవారు. నా జీవితంలో నేను అంతగా నవ్విన చలికాలం ఇంకొకటి లేదు. పార్టీ పెట్టిన ప్రతి ఇంటి వాళ్ళూ ఇది తమ పనే అన్నట్టు తయారయ్యారు. వాళ్ళ స్నేహితుల్ని పిలుచుకున్నారు, ఆ స్నేహితులు వాళ్ళ స్నేహితుల్ని.

అయినా గండం తప్పలేదు. మంచు కరిగే రోజుల్లో ఆ పిజ్జా దుకాణానికి ఇంకో బేరం వచ్చింది, ఎక్కువ ధరకి. యజమాని టీచరమ్మకి ఫోన్ చేసి, మాటిచ్చాను కాబట్టి సోమవారం దాకా ఆగుతాను, ఆపైన ఆగలేను అన్నాడు. శనివారం వదిన ఇంట్లో పార్టీ ఉంది. అదే ఆఖరిది. ఎంత బాగా జరిగినా ఒక్క పార్టీతో పూడే లోటు కాదని మా అందరికీ తెలుసు. మా అమ్మాయికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు, అది పాటలు పాడుకుంటూ పెనాలు తోముకుంటోంది.

ఆ రోజు వదిన ఇల్లు కిక్కిరిసిపోయింది. భోజనాలు సగంలో ఉండగా, గోడవార నిలబడ్డ మా వారు కదిలి గది మధ్యకి వచ్చారు. మంచినీళ్ళు కావాలేమో అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు. నా చేతిలో చట్నీ గరిటె అలాగే ఉండిపోయింది.

"నాకు మాట్లాడటం రాదు. మీ అందరికీ తెలుసు," అన్నారు. గది నెమ్మదిగా సద్దుమణిగింది. "మీ తర్వాత మీ అమ్మాయి ఎలాగండీ అని మీలో చాలామంది నన్ను అడిగారు. పెళ్ళిళ్ళలో అడిగారు, గుళ్ళో అడిగారు. దేవుడున్నాడండీ అని తప్పుకున్నాను ప్రతిసారీ. ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. ఆ బిల్డింగే నా జవాబు. అక్కడ దానికి పని ఉంటుంది, స్నేహితులుంటారు, పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది. అది సోమవారం చెయ్యి జారిపోతోంది. నేను ఎవర్నీ ఏదీ అడిగి ఎరగను. ఇవాళ అడుగుతున్నాను. మీరంతా నావాళ్ళని అడుగుతున్నాను."

అని, ఇంకేం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయారు. పెనాల దగ్గర నుంచి మా అమ్మాయి వచ్చి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

"గుడ్ జాబ్, డాడీ," అంది.

ముందు లేచింది డాక్టరుగారు. నా బిల్లు ఇవ్వమ్మా, అన్నారు చక్రాల కుర్చీ అమ్మాయితో. రాశారు. ఇచ్చారు. మళ్ళీ చెయ్యి చాపి, ఇంకోటివ్వు, మా అన్నయ్య పేరు మీద రాస్తాను, ఆయనకి రాత్రి ఫోన్ చేసి చెబుతాలే అన్నారు. అంతే, కట్ట తెగినట్టయింది. కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు తెప్పించి, వదిన డైనింగ్ టేబుల్ మీదే కంపెనీల మ్యాచింగ్‌కి అప్లై చేశారు. వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో ఉన్న తన అక్కకి ఒకతను అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెడితే, ఆ అక్క తన పక్కింటివాళ్ళని కూడా లైన్లోకి లాగింది. టీచరమ్మకి తెలుగు ఒక్క ముక్క రాదు, ఏం జరుగుతోందో తెలియక, నన్ను పట్టుకుని, ఏమన్నాడు, మీ ఆయన ఏమన్నాడు అని కుదిపేస్తోంది. నేను చెప్పబోయి చెప్పలేక, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసినప్పుడు నా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. పార్టీ లేకపోయినా అలవాటు కొద్దీ పప్పు నానబోసి రుబ్బేశానులెండి. ఆవిడ అవతల నుంచి "వీ గాట్ ఇట్" అని అరిచిన అరుపు బేస్‌మెంట్ మెట్ల దాకా వినిపించిందేమో, మా అమ్మాయి పైనుంచి ఊడిపడ్డట్టు దిగింది. ఇద్దరం పిండి చేతులతోనే కావలించుకుని గంతులేశాం. మా వారికి ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే, సరే, మంచిది, అన్నారు. కాసేపాగి, కొంచెం ఉండు, నేను ఇంటికొచ్చేస్తున్నాను అన్నారు. పని మధ్యలో ఆయన ఇంటికి రావడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఎండాకాలం సెంటర్ కొత్త చోట తలుపులు తెరిచింది. వీధివైపు కిటికీకి బల్ల వేసి చిన్న కేఫ్ పెట్టారు. వారమంతా బిస్కట్లూ కాఫీ, శనివారం మాత్రం దోశలు. మొదటిరోజు వరసలో అందరికంటే ముందు మా కాలనీ సంఘం పెద్దాయన టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మా అమ్మాయి అతనికి దోశ వేసి, ఎలా తినాలో కూడా చూపించింది.

ఇది జరిగి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. సెంటర్ పెరిగింది, ఇంకో రెండు ఊళ్ళలో శాఖలొచ్చాయి. ఇప్పుడు విరాళాల సేకరణ పెద్ద హోటల్ హాల్లో జరుగుతుంది. గుండ్రటి బల్లలు, వాటి మీద పేర్లు, ఎవరి ఫోన్లోంచి వాళ్ళు క్షణంలో పంపేస్తారు. మా రోజుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది, రావాలి కూడా. కిందటేడు వెళితే తలుపు దగ్గర చిన్నమ్మాయి నా పేరు ఎలా రాయాలో అడిగింది, నవ్వుకుంటూ చెప్పాను. మాకు తెలిసినట్టు ఒకరి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో ఒకరికి తెలిసే రోజులు మాత్రం పోయాయి. వరంగల్ వదిన మనవల దగ్గరికి టెక్సస్ వెళ్ళిపోయింది. డాక్టరుగారు లేరు. టీచరమ్మ ఉంది గానీ, మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గింది. మా అమ్మాయి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మాత్రం నవ్వుతుంది.

ఇల్లు ఎందుకు అమ్ముతున్నారని అందరూ అడుగుతున్నారు. మోకాళ్ళ నొప్పులని చెబుతున్నాం. నిజానికి ఈ ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే. సెంటర్ వాళ్ళు తమ సెంటర్ పక్క వీధిలోనే ఒక ఇల్లు తీసుకున్నారు, సాయానికి ఒక మనిషిని పెట్టారు. మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అక్కడికి మారిపోయింది. మారేరోజు దాని మంచం మీద కూర్చుని నేను కళ్ళు తుడుచుకుంటుంటే, దిండు తీసుకోవడానికి నన్ను పక్కకి జరగమంది.

కిందటి నెల ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచింది. మా వారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పళ్ళు కొనుక్కుని వెళ్ళాం. అది తలుపు తీసి, కోట్లు అందుకుని తగిలించి, గదులన్నీ తిప్పి చూపించింది. నేను అలవాటు చొప్పున వంటింట్లోకి అడుగు పెట్టబోతే, "నో అమ్మా, మై కిచెన్" అని భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. తిన్నాం, కబుర్లు చెప్పుకున్నాం, పొద్దువాలే వేళకి అది మమ్మల్ని కారు దాకా సాగనంపింది. మేము మలుపు తిరిగేదాకా కూడా నిలబడలేదు, లోపల స్నేహితురాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయింది.

పెళ్ళయిన కూతురింటికి చుట్టపుచూపుగా వెళ్ళి రావడం ఏ తల్లికైనా మామూలే. నా ఈడు స్నేహితురాళ్ళు ఆ ప్రయాణాల గురించి చెప్పుకుంటుంటే ఇన్నేళ్ళూ వింటూ కూర్చున్నాను. ఆ ఆదివారం మా వారు కారు నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చారు. ఇంటి దగ్గరికి వచ్చాక, మళ్ళీ ఎప్పుడు రమ్మందీ అని అడిగారాయన. చెప్పలేదండీ, పిలుస్తుందిలెండి, అన్నాను.